తెప్పకు మైనం: వరుస తప్పితే డబ్బు దండగ

ఏటా ఏప్రిల్ 15న మన తూర్పు తీరంలో సముద్రపు వేట ఆగుతుంది. జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, ఇంజను తెప్పలన్నీ ఒడ్డునే ఉంటాయి. చేప గుడ్లు పెట్టే కాలం కనుక ఈ విరామం అవసరమేనని మత్స్యకారులందరికీ తెలుసు. ఈ రెండు నెలల్లో వలలు అల్లుకుంటారు, ఇంజను విప్పించి బాగుచేయించుకుంటారు. తెప్ప ఒంటి సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. ఇసుకలో పడి ఉన్న తెప్పను ఆ రెండు నెలల ఎండ రోజంతా కాలుస్తూనే ఉంటుంది. వేట లేకపోయినా తెప్ప పాడవుతూనే ఉంటుందన్న మాట.

మన శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం మండలం డోంకూరు మొదలు ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం దాకా తెప్పలను ఇసుక మీదకు లాగి పెట్టడమే ఎక్కువ. నీడ ఉండదు, కడగటానికి మంచినీరు దొరకదు. కర్ర నావల కాలంలో పెద్దలు గుగ్గిలం, నూనె పట్టించనిదే నావను నీటిలోకి దించేవారు కారు. 1979లో మొదలైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమం కింద 1980 దశకంలో మన కోస్తాలో ఫైబర్ పడవలను పరీక్షించారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఫైబర్ తెప్పలు మరీ పెరిగాయి. ఫైబర్‌కు చెద పట్టదు, పురుగు తొలవదు. అది నిజమే. దాంతో ఫైబర్‌కు ఏ పోషణా అక్కరలేదన్న నమ్మకం కూడా ఊళ్లలో స్థిరపడింది. ఈ నమ్మకమే మనకు నష్టం తెస్తున్నది.

ఫైబర్ తెప్ప అంటే గాజు నార పరుపులను రెజిన్‌తో అంటించి పోతపోసినది. దాని పైన నున్నగా, రంగుగా కనిపించే పొరను జెల్‌కోట్ అంటారు. దాని మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. లోపలి నారకు ఎండ, నీరు తగలకుండా కాపాడేది ఆ పొరే. ఎండలోని అతినీల కిరణాలు దాన్ని మెల్లగా విరగగొడతాయి. ఉప్పు, చేపల జిడ్డు, డీజిలు మరకలు దానికి తోడవుతాయి. మొదట మెరుపు పోతుంది. తరువాత సుద్ద లేస్తుంది. ఆపైన వెంట్రుకవాసి బీటలు వస్తాయి. బీటల్లోంచి నీరు నారను చేరిందంటే పొరలు విడిపోవటం మొదలవుతుంది.

వేట కాలంలో తెప్ప బీట ఇస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మేస్త్రీ వచ్చి బాగుచేసే వరకు వేట పోతుంది, కళాసీలకు పని ఉండదు. మరమ్మతు ఖర్చుకు చేపల వ్యాపారి దగ్గర మళ్లీ అడ్వాన్సు పట్టాలి. అడ్వాన్సు పట్టాక దొరికిన చేపను ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం తీరంలో తెప్పలు దెబ్బతిన్నాయి. తుపాను నష్టానికైతే అధికారులు వచ్చి లెక్క రాసుకుంటారు. ఎండకు పాడైన తెప్పకు లెక్క రాసేవారెవరూ ఉండరు. ఆ భారం యజమానిదే.

దీనికి ఉన్న చవక ఉపాయం మైనం, అంటే వ్యాక్స్. పట్టణంలో కార్లకు పట్టించే వ్యాక్స్ పాలిష్ అందరూ చూసే ఉంటారు. తెప్పకు పట్టించేదీ ఆ జాతిదే. ఎండ, ఉప్పు ముందుగా ఆ మైనపు పొరను తింటాయి, జెల్‌కోట్ కొంతకాలం బతికిపోతుంది. మైనం అరిగితే మళ్లీ రాసుకోవచ్చు. జెల్‌కోట్ అరిగితే మళ్లీ పోయించటం పెద్ద ఖర్చు.

అయితే ఇక్కడ ఒక వరుస ఉంది. మైనం పట్టిన చోట రెజిన్ అంటదు, రంగు అంటదు. తెప్పలు పోసే షెడ్డులో అచ్చుకు మైనం రాసేది ఇందుకే. తెప్ప అచ్చును అంటకుండా ఊడి రావాలని. కనుక బీటలున్న తెప్పకు ముందు మైనం పట్టించి, తరువాత మేస్త్రీని పిలిస్తే వేసిన అతుకు ఊడిపోతుంది. బీటల మీద మైనం రాస్తే అవి కనపడకుండా పోతాయే గాని మూసుకోవు. ముందు కడుగుడు, తరువాత మరమ్మతు, ఆ తరువాత రుద్దుడు, అన్నిటికీ చివర మైనం. ఈ వరుస తప్పితే డబ్బు దండగ.

తెప్ప పరిస్థితి తెలుసుకోవటానికి రెండు పరీక్షలు చాలు. ఎండిన తెప్పను అరచేత్తో గట్టిగా తుడవండి. చేతికి సుద్ద అంటితే జెల్‌కోట్ పైపొర చచ్చిందని అర్థం. అంటకపోతే ఒక చెంబు మంచినీళ్లు పోయండి. నీరు తామరాకు మీద బొట్టులా ముత్యాలు కడితే మైనం ఇంకా ఉన్నట్టు. పలచగా పరుచుకుంటే మైనం పోయినట్టు.

ఇక పని. మొదట మంచినీళ్లతో, మామూలు సబ్బు నురగతో కడగాలి. కాస్టిక్ సోడా, యాసిడ్ వాడరాదు. ఒకటి రెండు రోజులు బాగా ఆరనివ్వాలి. బీటలు, మేకుల చిల్లులు, అడుగున ఇసుకకు అరిగిన చోట్లు చూసి మేస్త్రీ చేత అతికించుకోవాలి. అతుకు పూర్తిగా గట్టిపడాలి. రెజిన్‌లో కలిపే హార్డెనర్ కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఫైబర్‌ను గీకేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, పిల్లలను దగ్గరకు రానీయరాదు.

సుద్ద లేచిన తెప్పకు రబ్బింగ్ కాంపౌండ్ పట్టించి తడిగుడ్డతో రుద్దాలి. సుద్ద మరీ ఎక్కువైతే ముందు సన్నరకం వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ తేలికగా గీయాలి. పొర మందం అర మిల్లీమీటరేనన్నది మరచిపోకూడదు. మోజు కొద్దీ రుద్దితే లోపలి నార బయట పడుతుంది. నార కనిపించిన చోట మైనం పనిచేయదు. అక్కడ కొత్త జెల్‌కోట్ గాని, తగిన రంగు గాని వేయించాల్సిందే.

మైనం ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. కొవ్వొత్తి మైనం పనికిరాదు. అది ఎండకు మెత్తబడి ఇసుకను, దుమ్మును పట్టుకుంటుంది. తేనెమైనం సుమారు 63 డిగ్రీల వేడికి కరుగుతుంది. బ్రెజిల్ దేశపు ఒక జాతి తాటి ఆకుల నుంచి తీసే కార్నూబా మైనం 80 డిగ్రీలు దాటితేగాని కరగదు, గట్టిగానూ ఉంటుంది. అందుకే డబ్బా మీద కార్నూబా అని గాని, ఫైబర్ బోట్లకు అని గాని ఉన్న ముద్ద మైనం మేలు. ద్రవరూపంలో దొరికేది రాయటానికి సులువు, కాని తొందరగా పోతుంది. క్లీనర్ వ్యాక్స్ అనే దానిలో రుద్దే పొడి కూడా కలిసి ఉంటుంది. సుద్ద కొద్దిగా ఉన్న తెప్పకు అది చాలు, మంచి మెరుపున్న తెప్పకు అక్కరలేదు.

మైనం పట్టించటానికి మంచి వేళ తెల్లవారుజాము, లేదా సరుగుడు తోట నీడ. కాలిన ఫైబర్ మీద రాస్తే మైనం వెంటనే బిగుసుకుని తుడవటానికి రాదు. రెండడుగుల మేర చొప్పున పలచగా, గుండ్రంగా రాయాలి. కాసేపటికి అది తెల్లగా మసకబారుతుంది. వేలితో గీసి చూస్తే శుభ్రంగా రావాలి. అప్పుడు ఉతికిన పాత నూలు పంచెతో మెరిసే వరకు తుడవాలి. మందంగా రాసినంత మాత్రాన ఎక్కువ కాలం ఉండదు. రెండు పలచని పూతలు మేలు. రెండో పూత మరునాడు వేసుకోవచ్చు. మైనం గుడ్డలకు మంట తొందరగా అంటుకుంటుంది, బీడీకి దూరంగా ఉంచాలి.

కాళ్లు పెట్టే చోట మైనం రాయరాదు. జారి సముద్రంలో పడితే ప్రాణాలకే ముప్పు. ఇసుకలో ఈడ్చే అడుగు భాగానికి రాసినా నిలవదు. నీటి గీత పైన ఉన్న పక్కలకు రాస్తే చాలు. 30 అడుగుల తెప్పకు ఆ ఎత్తు రెండు అడుగులు అనుకుంటే రెండు పక్కలా కలిపి 120 చదరపు అడుగులు. ఇద్దరు మనుషులు రెండు మూడు ఉదయాల్లో ముగించగల పని. వేట మొదలయ్యే ముందు ఒకసారి, తుపానుల కాలం దాటాక జనవరిలో ఒకసారి చేసుకుంటే మంచిది. మధ్యలో నీళ్ల పరీక్ష చేస్తూ ఉండాలి. కర్ర నావలు ఉన్నవారికి మాత్రం ఈ మైనం అక్కరలేదు, వారికి పాత పద్ధతే తగినది.

ఇంత చెప్పినా, ఒక్కొక్కరు పట్టణానికి పోయి చిన్న డబ్బా ఎక్కువ ధరకు కొనుక్కోవటం కష్టమే. ఈ పని మత్స్యకార సహకార సంఘాలు తలకెత్తుకోవాలి. పెద్ద డబ్బాలు టోకున తెచ్చి సభ్యులకు తూకం వేసి ఇవ్వవచ్చు. వేట ఆగిన మొదటి వారంలో మత్స్యశాఖ వారు రేవురేవునా ఒక తెప్పను ఎంచుకుని, మేస్త్రీ చేత కడుగుడు నుంచి మైనం వరకు అందరి ఎదుటా చేయించి చూపాలి. మాటలకంటే ఆ ఒక్క తెప్పే ఎక్కువ నేర్పుతుంది. ప్రతి రేవులో ఒక మంచినీటి కుళాయి, తెప్పల వరుసకు తాటాకు పందిరి వేయటం పంచాయతీలకు మోయలేని భారం కాదు. ఎండే అసలు శత్రువు కనుక, మైనం కొనలేనివారికి తాటాకు నీడ అయినా సగం మేలు చేస్తుంది.

నిషేధ కాలపు భృతి కోసం జాబితాలు రాసే రోజుల్లోనే తెప్పల బాగు గురించి కూడా గ్రామసభలో మాట్లాడుకోవాలి. జూన్ 14 అర్ధరాత్రి దాటాక కెరటంలోకి తోసే తెప్ప, మొగుడూ కొడుకులూ ఎక్కే తెప్ప. దాని ఒళ్లు గట్టిగా ఉందో లేదో ఆ ముందే చూసుకోవటం ఇంటిల్లిపాది బాధ్యత. సంఘాల పెద్దలు, మత్స్యశాఖ అధికారులు వచ్చే విరామానికైనా ఈ ఏర్పాట్లు చేస్తారని ఆశిద్దాం.