ఫైలు సేవ్ కాకపోతే తాళాలన్నీ తీసేయాలా?

ఒక గ్రంథాలయం పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయిస్తోందనుకుందాం. సిబ్బంది విండోస్ కంప్యూటర్లపై పనిచేస్తారు. స్కాన్ చేసిన పేజీలు మాత్రం ఒక లినక్స్ సర్వర్‌లోని ఉమ్మడి ఫోల్డర్‌లో చేరాలి. పత్రిక పేరు, సంచిక, వ్యాస శీర్షిక, రచయిత పేరు అన్నీ కలిపి ఫైలుకు తెలుగులోనే పేరు పెడుతున్నారు. వందల ఫైళ్లు సాఫీగా చేరాయి. ఒకటి మాత్రం ససేమిరా అంటోంది. అదే పేరుతో డెస్క్‌టాప్‌పై సేవ్ అవుతుంది, సర్వర్‌లోకి మాత్రం వెళ్లదు.

ఇలాంటప్పుడు చాలాచోట్ల జరిగేది ఒకటే. సర్వర్ చూసుకునే వ్యక్తి వచ్చి ఫోల్డర్ అనుమతులను 777కు మార్చేస్తాడు. అంటే సర్వర్‌లోని ఏ ఖాతా నుంచైనా ఆ ఫోల్డర్‌లో కొత్త ఫైళ్లు పెట్టవచ్చు, ఇతరులు పెట్టినవి చెరిపేయవచ్చు. ఇంత చేసినా ఆ ఫైలు చేరదు. సమస్య అక్కడే ఉంది, తాళం మాత్రం పోయింది.

నిజానికి లినక్స్ కారణం చెప్పకుండా ఊరుకోదు. ఫైలు సృష్టించలేకపోయిన ప్రతిసారీ కెర్నెల్ ఒక అంకెను తిరిగి ఇస్తుంది. 13 అయితే అనుమతి లేదని, 28 అయితే స్థలం లేదని, 30 అయితే ఆ డిస్కు చదవడానికి మాత్రమే తెరిచి ఉందని, 122 అయితే కేటాయించిన కోటా దాటిందని అర్థం. గ్రంథాలయం కథలో వచ్చిన అంకె 36, అంటే పేరు మరీ పొడవైంది. కానీ ఆ అంకె విండోస్ తెర దాకా అలాగే రాదు. మధ్యలో ఉన్న సాంబా సాఫ్ట్‌వేర్ దాన్ని విండోస్‌కు తెలిసిన కోడ్‌లోకి మారుస్తుంది, విండోస్ దానికి తన సొంత వాక్యం తగిలిస్తుంది. లినక్స్‌లో వేర్వేరు అర్థాలున్న 1, 13 అంకెలు రెండూ ఈ ప్రయాణంలో ‘యాక్సెస్ డినైడ్’ అనే ఒక్క మాటగా మారిపోతాయి. చేతులు మారిన కబురు లాంటిదే ఇదీ.

ఇక 36 సంగతి. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ పేరు పొడవును ఒకే బైట్‌లో రాసుకుంటుంది. ఒక బైట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 255 కాబట్టి పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరం ఒక్క బైట్‌లో సరిపోతుంది. తెలుగులో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ వేరే యూనికోడ్ సంకేతం. యూటీఎఫ్-8లో ప్రతి సంకేతానికీ 3 బైట్లు కావాలి. కంటికి ఒక్కటిగా కనిపించే ‘స్త్రీ’లో 6 సంకేతాలున్నాయి, అంటే 18 బైట్లు. ‘ఆంధ్రప్రదేశ్’ 36 బైట్లు. ఆ మాటను ఖాళీ లేకుండా ఏడుసార్లు రాస్తే 252 అవుతుంది, ఎనిమిదోసారికి చోటు లేదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ మాత్రం బైట్లను కాదు, యూటీఎఫ్-16 యూనిట్లను లెక్కిస్తుంది. అక్కడ తెలుగు సంకేతానికి ఒక్క యూనిట్ చాలు. అందుకే 100 సంకేతాల పేరు డెస్క్‌టాప్‌పై సుఖంగా కూర్చుని, సర్వర్ గుమ్మం దగ్గర 300 బైట్లై ఆగిపోతుంది.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కానీ భారం మాత్రం సమానంగా పడలేదు. ఇంగ్లిష్‌లో పేరు పెట్టేవారికి జీవితంలో ఒక్కసారి కూడా తగలని గోడ తెలుగు, హిందీ, తమిళాల్లో పేరు పెట్టేవారికి తరచూ తగులుతుంది. డిస్కుపై రాసే పద్ధతిలోనే ఉన్న పరిమితిని మార్చడం తేలిక కాదు. ‘ఈ పేరు 300 బైట్లు, ఇక్కడ 255 వరకే కుదురుతుంది’ అని చెప్పడం మాత్రం అంత కష్టమేమీ కాదు. భారతీయ భాషల డిజిటలీకరణకు సర్వర్లు కొనే సంస్థలు అడగాల్సిన మొదటి సౌకర్యాల్లో ఇదొకటి.

అనుమతుల సమస్యే అయినప్పుడు కూడా 777 మందు కాకపోవచ్చు. ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా పొర పనిచేస్తున్న సర్వర్‌లో ఫోల్డర్‌కు సరైన లేబుల్ లేకపోతే, 777 పెట్టినా 13 అంకెతోనే తిప్పికొడుతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా పంచుకున్న ఫోల్డర్ల తీరు వేరు. మామూలు అమరికలో అక్కడ సర్వర్ మనిషి పేరు చూడదు, ఖాతా అంకెనే చూస్తుంది. ఒక కంప్యూటర్‌లో 1001 ఒకరిదై, సర్వర్‌లో అదే 1001 ఇంకొకరిదైతే తగాదా తప్పదు. పోనీ రూట్‌గా ప్రయత్నిద్దామంటే సర్వర్ ఆ రూట్‌ను ఊరూ పేరూ లేని ‘నోబడీ’గా మార్చేస్తుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిన కాపలా.

28 అంకె మరింత తికమక పెడుతుంది. డిస్కులో సగం ఖాళీ కనిపిస్తున్నా స్థలం లేదంటుంది. ఈఎక్స్‌టీ4లో ప్రతి ఫైలుకూ ఐనోడ్ అనే నమోదు చీటీ ఒకటి కావాలి. వాటి సంఖ్య డిస్కును ఫార్మాట్ చేసిన రోజే ఖరారవుతుంది. లక్షల చిన్న చిన్న చిత్రాలు పేరుకుంటే స్థలం కంటే ముందే చీటీలు అయిపోతాయి. డీఎఫ్ కమాండ్‌కు ‘ఐ’ ఆప్షన్ చేర్చి చూస్తే ఒక్క నిమిషంలో తేలే సంగతి ఇది.

ప్రయోగశాలలో ఒకసారికి ఒక్క అంశాన్నే మారుస్తారు. ఇక్కడా అంతే. ముందుగా అదే ఫోల్డర్‌లో ఒక్క అక్షరం పేరుతో ఖాళీ ఫైలు సృష్టించి చూడాలి. అది పుడితే అనుమతులు, ఐనోడ్లు నిర్దోషులు, తప్పు పేరులోనో పరిమాణంలోనో ఉంది. పుట్టకపోతే అదే పనిని అదే ఖాతాతో నేరుగా సర్వర్‌పైనే చేసి చూడాలి. అక్కడ కుదిరితే దోషం మధ్య దారిలో, అంటే సాంబాలోనో ఎన్‌ఎఫ్‌ఎస్‌లోనో ఉంది. అక్కడా కుదరకపోతే ఎస్‌ట్రేస్ అనే సాధనం కెర్నెల్ ఇచ్చిన కారణాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. మొత్తం పది నిమిషాల పని. 777 పెట్టడానికి పది సెకన్లు చాలన్నది నిజమే.

గ్రంథాలయం వారు చివరకు శీర్షికలోంచి రెండు పదాలు తీసేసి ఫైలును చేర్చారనుకుందాం. పని మళ్లీ మొదలవుతుంది, ఫిర్యాదు మూసేస్తారు. 777 అయిన ఫోల్డర్‌ను పాత అనుమతులకు తెమ్మని మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయరు.