చుట్టిన బట్ట, పరిచిన బట్ట

బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో, కార్యకారణాల చర్చ మధ్య, ఒకచోట బట్ట దృష్టాంతంగా వస్తుంది. చుట్టి పెట్టిన బట్ట పొడుగెంతో, పన్నా ఎంతో తెలియదు. అది బట్టేనా, మరొకటా అన్న అనుమానం కూడా రావచ్చు. విప్పి పరిస్తే అంచూ కొంగూ అన్నీ కనిపిస్తాయి. పరచడంవల్ల కొత్తగా ఒక్క పోగు కూడా పుట్టలేదు. కారణంలో కార్యం ముందునుంచీ ఉందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది? భాష్యకారులు ఒకరి తర్వాత ఒకరు ఈ బట్టను చేతిలోకి తీసుకున్నారు. అందరూ విప్పినది ఒకే బట్ట, విప్పాక చూసింది మాత్రం వేరు. శంకరాచార్యులకు చివరికి సత్యంగా నిలిచేది కారణమే. వల్లభాచార్యులకు చుట్టిన బట్ట ఎంత నిజమో పరిచిన బట్టా అంతే నిజం. ప్రపంచం బ్రహ్మం తనను తాను పరుచుకున్న తీరు. పరుచుకోవడం ఆవిర్భావం, చుట్టుకోవడం తిరోభావం. మధ్యలో మాయ అనే రెండో వస్తువు అక్కర్లేదు. అందుకే ఆయన మతానికి శుద్ధాద్వైతమని పేరు.

ఈ బట్ట గురించి పట్టుదలగా ఆలోచించిన పండితుల్లో ఒకరు బట్టల ఊళ్లోనే ఉన్నారు. ఆ ఊరు తాపీ నది ఒడ్డున సూరత్. కాలం 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట. ఆయన పేరు గోస్వామి పురుషోత్తమ్‌జీ. 1664లో ఒకసారి, 1670లో మరోసారి శివాజీ సేనలు కొల్లగొట్టినా మళ్లీ లేచి నిలబడిన రేవు సూరత్. ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ అక్కడ కోఠీలు పెట్టుకున్నారు. హజ్‌కి వెళ్లే ఓడలు అక్కడినుంచే బయల్దేరేవి. జైన షావుకార్లు, పార్సీ దస్తూర్లు, బోహ్రా వర్తకులు, వైష్ణవ గోస్వాములు ఒకే బజారులో ఎదురుపడేవారు. అలాంటి ఊళ్లో కూర్చుని పురుషోత్తమ్‌జీ వల్లభుల అణుభాష్యానికి ‘భాష్యప్రకాశం’ అనే వ్యాఖ్య రాశారు.

ఆ వ్యాఖ్య నడిచే పద్ధతి చూడండి. అధికరణం తర్వాత అధికరణంలో శంకరులు ఏమన్నారు, భాస్కరులు ఏమన్నారు, రామానుజులు, మధ్వులు, శైవ భాష్యకారుడు, విజ్ఞానభిక్షువు ఏమన్నారు అని వరసగా ఎత్తి రాస్తారు. ఎవరి వాదం ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ కుంటుతోందో చూపించి ఆ తర్వాతే తమ సిద్ధాంతానికి వస్తారు. వల్లభులు క్లుప్తంగా రాస్తారు. పైగా అణుభాష్యాన్ని ఆయన పూర్తిచేయలేదు. మిగిలిన చివరి భాగం కుమారుడు విఠ్ఠలనాథులు రాసి ముగించారు. అంత పొదుపైన గ్రంథాన్ని ఆరేడు మతాల మధ్య నిలబెట్టి, ఎవరితో ఎక్కడ తేడా వస్తుందో తేల్చిన పని పురుషోత్తమ్‌జీది. విఠ్ఠలనాథుల విద్వన్మండనానికి ‘సువర్ణసూత్రం’ అనే వ్యాఖ్య, జ్ఞానం ఎలా కలుగుతుంది, ఏది ప్రమాణం, భ్రమ ఎలా పుడుతుంది అని చర్చించే ‘ప్రస్థానరత్నాకరం’ కూడా ఆయనవే. తులనాత్మక తత్త్వశాస్త్రం విశ్వవిద్యాలయాలతోనే మనకు వచ్చిందని నమ్మేవారు ఈ గ్రంథాలు ఒక్కసారి తిరగేయాలి.

పూర్వపక్షం అనే మాటను మనం తేలిగ్గా వాడుకుంటున్నాం. ఖండించడానికి వీలుగా ఎదుటివాడి మాటను రెండు ముక్కలు చేసి పెట్టుకోవడం పూర్వపక్షం కాదు. అది చదివి ఎదుటివాడే ‘అవును, నేను చెప్పింది ఇదే, నేనైనా ఇంత బాగా చెప్పలేను’ అనాలి. ఆ తర్వాత పుట్టే ప్రశ్నే ప్రశ్న. ఈ పత్రికకు వచ్చే పరిశోధన వ్యాసాలు చదువుతుంటే మనసు కలుక్కుమనేది ఇక్కడే. సిద్ధాంతం పది పుటలుంటుంది, పూర్వపక్షం పది వాక్యాలు కూడా ఉండదు. తాను కాదంటున్న పుస్తకాన్ని వ్యాసకర్త తెరిచాడో లేదో కూడా తెలియదు.

పురుషోత్తమ్‌జీ ఏ వంశంవారో చెప్తే మన పాఠకుల్లో చాలామంది కళ్లు మెరుస్తాయి. ఆయన వల్లభాచార్యుల వంశంవారే. వల్లభాచార్యులు వెలనాటి వైదిక బ్రాహ్మణులు, తెలుగువారు. 1479 ప్రాంతంలో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని చంపారణ్యంలో పుట్టారు. తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మగారు. ఉత్తరాది పుస్తకాల్లో ఆ తల్లి పేరు ‘ఇల్లమ్మాగారూ’ అనే అచ్చవుతుంది. మర్యాద కోసం మనం తగిలించే ‘గారు’ అక్కడ పేరులో భాగమైపోయింది. గుజరాత్‌లో, రాజస్థాన్‌లో వల్లభుల పుష్టిమార్గానికి చెందిన గోస్వాములను ఇవాళ్టికీ తైలంగులనే అంటారు. కృష్ణదేవరాయల కొలువులో వల్లభులు వాదంలో గెలిచి కనకాభిషేకం పొందారని సంప్రదాయం.

వాళ్లు మనవాళ్లు అని చెప్పుకుని మనం అక్కడితో ఆగిపోతాం. నా బాధ అదే. వల్లభులు వేదాలు, గీత, బ్రహ్మసూత్రాలతోపాటు భాగవతాన్ని నాలుగో ప్రస్థానంగా నిలబెట్టి దానికి సుబోధిని రాశారు. 15వ శతాబ్దంలో పోతన భాగవతాన్ని తెలుగు చేశాడు. ఒకే పురాణాన్ని ఒకరు శాస్త్రంగా చదివారు, ఇంకొకరు కావ్యంగా పాడారు. పోతన పద్యం నోటికి రాని ఇల్లు మనకు లేదు. ఆ ఇళ్లలో సుబోధిని పేరు విన్నవి ఎన్ని? ఈ రెండు చదువుల్నీ పక్కపక్కన పెట్టి చూసే పని తెలుగు పరిశోధకుడికి ఎంత సహజమైనది, ఎంత సారవంతమైనది! వంశం చెప్పుకుంటే వాళ్లు మనవాళ్లు కారు, చదివితే అవుతారు.

సూరత్ దారిలో మనకు తెలిసిన పేరు మరొకటి కూడా ఉంది. లలితా సహస్రనామాన్ని అర్థంతో పారాయణ చేసేవారికి సౌభాగ్యభాస్కరం తెలుసు. దాన్ని రాసిన భాస్కరరాయలకు పూర్ణాభిషేకం ఇచ్చిన గురువు శివదత్త శుక్ల సూరత్‌వారు. గుర్జర దేశంలో వల్లభ మతానికి చెందిన ఒక పండితుణ్ణి భాస్కరరాయలు వాదంలో ఓడించారని ఆయన శిష్యుడు జగన్నాథుడు భాస్కరవిలాసంలో చెప్తాడు. ఓడినవారి వైపు కథ కూడా దొరికితే రెంటినీ కలిపి చదవాలని నాకెంతో ఆశ.

ఇక అదే సూరత్‌కు ఫ్రాన్సునుంచి వచ్చిన ఒక యువకుడి కథ. సూరత్ పార్సీల దగ్గర 1718లో ఒక ఇంగ్లీషువాడు సంపాదించిన పార్సీ ధర్మగ్రంథం అవెస్తా ప్రతి ఆక్స్‌ఫర్డ్ చేరి, అక్కడి బోడ్లియన్ గ్రంథాలయంలో గొలుసుకు వేలాడుతూ ఉండేది. దాన్ని చదవగలిగినవాడు యూరప్‌లో ఒక్కడూ లేడు. అందులో నాలుగు పుటల నకలు 1754లో పారిస్‌లో ఆంకెతిల్ దుపెరాన్ చూశాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. ఆ లిపి చదవడం నేర్చుకోవాలి, నేర్పేవాళ్లు సూరత్‌లో ఉన్నారు. ఫ్రెంచి కంపెనీ సైన్యంలో పేరు రాయించుకుని ఓడెక్కాడు. 1755లో పుదుచ్చేరిలో దిగి, బెంగాల్ వెళ్లి, ఇంగ్లీషువాళ్లు చందన్‌నగర్‌ను పట్టుకున్నాక తూర్పు తీరం వెంట, మన ఊళ్ల మీదుగానే, మళ్లీ పుదుచ్చేరికి నడిచొచ్చాడు. 1758 మే నెలలో సూరత్ చేరాడు.

అక్కడ దస్తూర్ దారాబ్ దగ్గర చదువుకు కూర్చున్నాడు. పాఠం నడిచింది పారసీకంలో. దారాబ్ చదువూ ఒక ప్రయాణం ఫలితమే. ఇరాన్‌లోని కెర్మాన్‌నుంచి దస్తూర్ జామాస్ప్ 18వ శతాబ్దం తొలి పాదంలో గుజరాత్ వచ్చినప్పుడు ఆయన దగ్గర చదువుకున్న కొద్దిమందిలో దారాబ్ ఒకరు. కెర్మాన్ పండితుడు సూరత్ పూజారికి నేర్పితే, ఆ పూజారి పారిస్ యువకుడికి నేర్పాడు. సూరత్ పార్సీలు అప్పటికే పంచాంగం విషయంలో రెండుగా చీలి ఉన్నారు. దారాబ్ ముందు ఇచ్చిన, అవెస్తాలో భాగమైన వెందీదాద్ ప్రతిలో లోపాలున్నాయి. ఆంకెతిల్ ఎదుటి వర్గం పెద్దమనిషి దగ్గర మరో ప్రతి సంపాదించి, అక్షరం అక్షరం పోల్చి చూసి ఆ సంగతి పట్టుకున్నాడు. గురువునూ వదల్లేదు, పోల్చడమూ మానలేదు. ఈ ఘట్టం నాకు చాలా ఇష్టం. పరిశోధకుడిలో వినయమూ అనుమానమూ ఒకేచోట ఎలా కాపురముంటాయో ఇక్కడ కనిపిస్తుంది.

1761లో అతను సూరత్ విడిచి, మరుసటి ఏడు పారిస్ చేరి, 180 రాతప్రతులు రాజ గ్రంథాలయానికి ఒప్పజెప్పాడు. 1771లో జెంద్ అవెస్తా మూడు సంపుటాలుగా వెలువడింది. వెంటనే దాడి మొదలైంది. తర్వాతి కాలంలో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ స్థాపించిన విలియం జోన్స్, అప్పటికి పాతికేళ్లవాడు, ఇంత నీరసమైన పుస్తకం జొరాస్టర్‌ది కాజాలదని ఫ్రెంచిలో ఒక లేఖ అచ్చువేసి పరిహసించాడు. అంత గొప్ప పండితుడు ఆ రోజు పూర్వపక్షం చదవలేదు. 1826లో డెన్మార్క్ పండితుడు రాస్క్ ఆ భాష ప్రాచీనమైనదేనని నిరూపించేదాకా అనుమానం తీరలేదు. తర్వాత బ్యుర్నూఫ్ ఆంకెతిల్ అనువాదంలో తప్పులు దిద్దగలిగాడు. అందుకు ఆధారమైంది గుజరాత్ పార్సీ పూజారి నేర్యోసంగ్ మధ్యయుగాల్లో చేసిన సంస్కృత అనువాదం. ఆ ప్రతి కూడా ఆంకెతిల్ మోసుకెళ్లిన రాతల్లోదే. తన తప్పు దిద్దే సాధనాన్ని కూడా తానే భద్రంగా తీసుకెళ్లి అప్పజెప్పినవాణ్ణి ఏమని మెచ్చుకోవాలి!

1778లో ఆంకెతిల్ మరో పుస్తకం రాశాడు. ఆసియాలో చట్టం లేదు, ఆస్తిహక్కు లేదు, రాజు ఇష్టమే శాసనం అని మాంటెస్క్యూ చెప్పిన సిద్ధాంతాన్ని అందులో తాను చూసిన భారతదేశాన్ని సాక్ష్యంగా పెట్టి కాదన్నాడు. సూరత్ బజారులో ఒప్పందాలూ పత్రాలూ కళ్లారా చూసినవాడికి ఆ సిద్ధాంతం ఎలా మింగుడుపడుతుంది? ఆ తర్వాత ఉపనిషత్తుల వైపు తిరిగాడు. మొగల్ యువరాజు దారా షికోహ్ 1657లో కాశీ పండితుల సాయంతో యాభై ఉపనిషత్తులను పారసీకంలోకి తెచ్చాడు. ఆంకెతిల్ ఆ పుస్తకాన్ని లాటిన్ చేసి 1801-02లో అచ్చువేయించాడు. కాంట్ ఆలోచనకూ ఉపనిషత్తులకూ పోలికలున్నాయని అప్పుడే సూచించాడు. 1814లో షోపెన్‌హావర్ ఆ లాటిన్ పుస్తకమే చదివి జీవితాంతం పక్కన పెట్టుకున్నాడు. యూరప్ తత్త్వచరిత్రలో ఆ మలుపు వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే దారి దారాబ్ ఇంటి అరుగు దాకా వస్తుంది.

ఆంకెతిల్ సూరత్‌లో ఉన్న కాలానికి వంద ఏళ్ల తర్వాత ఆ ఊరి గోస్వాముల పేరు మరోలా వినిపించింది. 1860లో కర్సన్‌దాస్ మూల్జీ తన ‘సత్యప్రకాశ్’ పత్రికలో మహారాజులని పిలిచే ఆ గోస్వాముల నడవడిని ఎండగట్టాడు. సూరత్‌నుంచి వచ్చిన జదునాథ్‌జీ మహారాజ్ బొంబాయి సుప్రీంకోర్టులో పరువునష్టం దావా వేశారు. 1862లో తీర్పు కర్సన్‌దాస్‌వైపు వచ్చింది. 2024లో వచ్చిన ‘మహారాజ్’ సినిమా ఆ కథే. సూరత్ బిడ్డ, కవి నర్మద్ ఆ మహారాజ్‌తోనే వితంతు వివాహం గురించి బహిరంగంగా వాదించాడు. భక్తురాళ్ల నమ్మకాన్ని గురువు దుర్వినియోగం చేస్తే పత్రిక రాయడం ధర్మం. కర్సన్‌దాస్ ధైర్యానికి ఈ సంపాదకుడు చేతులు జోడిస్తాడు. కాని ఆ తీర్పుతోపాటు ఇంకొకటి జరిగింది. కొందరి నడవడి మీద వచ్చిన సాక్ష్యం మొత్తం సిద్ధాంతం మీద సాక్ష్యంగా చెలామణి అయింది. 1865లో లండన్‌లో మహారాజుల శాఖ చరిత్ర అనే పుస్తకం వెలువడింది. ఆ తర్వాత చాలాకాలం ఇంగ్లీషు చదివినవారు ఆ కథలోంచే వల్లభ మతాన్ని చూశారు. భాష్యప్రకాశం మాత్రం రాతప్రతుల్లో అలాగే ఉంది.

20వ శతాబ్దం మొదట్లో కాశీలోనూ, బొంబాయిలోనూ సంస్కృత పండితులు ఆ ప్రతులు సేకరించి, పాఠాలు సరిచూసి అచ్చువేశారు. మూల్‌చంద్ర తేలీవాలా లాంటి పరిష్కర్తల ఓపికవల్లే 1949లో సురేంద్రనాథ్ దాస్‌గుప్త తన భారతీయ తత్త్వశాస్త్ర చరిత్ర నాలుగో సంపుటంలో వల్లభులకు అధ్యాయం కేటాయించి, పురుషోత్తమ్‌జీ ప్రమాణ విచారాన్ని వివరంగా చర్చించగలిగారు.

ఇప్పుడు సూరత్‌లో మన తెలుగువాళ్లున్నారు. తెలంగాణ జిల్లాలనుంచి సాంచాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. పడుగు పేకల మధ్య పెరిగిన పిల్లలకు బ్రహ్మసూత్రాల బట్ట ఉదాహరణ చెప్పిచూడండి. మనకంటే ముందు వాళ్లకే అందుతుంది. పోగులు బట్ట అవుతాయా, బట్ట పోగుల్లో ముందే ఉందా అన్నది వాళ్ల ఇంటి ప్రశ్న.

అందుకని రాబోయే సంచికల్లో ఆ ఒక్క బట్ట ఉదాహరణ మీద వ్యాసాలు వేయాలనుకుంటున్నాం. శంకరుల చదువు, రామానుజుల చదువు, వల్లభుల చదువు, వాటిని పురుషోత్తమ్‌జీ తూచిన తీరు, ఏదైనా సరే. సంస్కృతం తెలిసినవారు మూలం దగ్గర పెట్టుకుని రాయండి. గుజరాతీ వచ్చినవారు అక్కడి పండితులు ఈ విషయం మీద రాసినవి తెలుగు చేసి పంపండి. సూరత్‌లో సాంచాల మీద పనిచేస్తున్న పాఠకులు చుట్టిన తానుకూ పరిచిన తానుకూ తేడా తమ కంటితో చూసినట్టు రాయండి. ఎవరు రాసినా మేమడిగేది ఒక్కటే: మీరు ఒప్పుకోని వాదం ముందు రావాలి, దాన్ని నమ్మేవారు చదివి తలూపేలా రావాలి. పుటల లెక్క మేం చూసుకుంటాం.