మెట్లు తుడిచేదెవరు?

ఇంట్లో మెట్లుండటం ఒకప్పుడు మేడ కట్టుకున్న వాళ్ల వైభోగం. ఇప్పుడు పదో అంతస్తులో ఉన్న ఫ్లాటుకి కూడా లోపల మెట్లు వచ్చాయి. కింద హాలూ వంటిల్లూ, పైన పడకగదులూ, నడుమ నిగనిగలాడే మెట్లూ. దీని పేరు డ్యూప్లెక్సు. మేడలో మేడన్నమాట! మన నెల్లూరు, గూడూరు, కావలి వైపు నాలుగు డబ్బులు కళ్లచూసిన వాళ్లకి చెన్నైలో (మనకది ఎప్పటికీ మద్రాసేలెండి) ఇలాంటిదొకటి కొనిపడెయ్యాలని ఉబలాటం. పిల్లల చదువులక్కడ, పెద్దల వైద్యాలక్కడ, పెళ్లిచీరలూ అక్కడే. ఇల్లు కూడా అక్కడే ఉంటే పోలా అంటారు. కొనుక్కోండి. నేనేం కాదనను.

నా పేచీ డ్యూప్లెక్సుతో కాదు, దాన్ని అమ్మే భాషతో. 'మారుతున్న పేట', 'పైకొస్తున్న ఏరియా', 'నిన్నటి మిల్లు, రేపటి మహలు' అన్న ధోరణిలో ఊదరగొడతారు. పేట మారిందంటే ఏం మారిందండీ? గోడలు మారాయా, మనుషులు మారారా, లేక ఉన్న మనుషుల్నే అక్కణ్ణించి మార్చేశారా? ఆ సంగతి రంగుల కాగితంలో ఎక్కడా ఉండదు.

మద్రాసు పెరంబూరు, పులియంతోపుల సంగతే తీసుకుందాం. అక్కడ బిన్నీ వారి బకింగ్‌హామ్, కర్నాటిక్ బట్టల మిల్లులుండేవి. బకింగ్‌హామ్ అనగానే మన సముద్రతీరం వాళ్లకి కాలువ గుర్తు రావాలి. 1877-78 కరువు పనుల్లో మద్రాసు నడిబొడ్డున కూలీలు ఒక ముక్క తవ్వి కలిపిన కాలువకీ, ఆ మిల్లుకీ ఒకే గవర్నరు దొరగారి పేరు. శ్రీహరికోట వంటచెరుకు ఆ కాలువ మీదే పడవల్లో వెళ్లి మద్రాసు పొయ్యిలు వెలిగించేది. అంచేత ఆ పేట మనకి మరీ పరాయిదేం కాదు.

1918 ఏప్రిల్ 27న ఆ మిల్లు కార్మికుల కోసమే మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడ్డ మొదటి కార్మిక సంఘమని దానికి పేరు. అధ్యక్షుడు బి.పి. వాడియా. అంతకు ముందే కూలీల గోడు చెవినపెట్టి, వాడియాని వెంటబెట్టుకొచ్చిన వాళ్లు సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు పెరంబూరు వ్యాపారులు. ఆ కూలీల మొదటి మొరల్లో ఒకటేమిటో తెలుసా? మధ్యాహ్నం అన్నం తినడానికి అరగంట చాలడంలేదు బాబూ అని! 1921లో నెలల తరబడి సమ్మె నడిచింది, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. చివరికి 1996లో మిల్లు మూతపడింది. కొన్నాళ్లు ఆ షెడ్లలో సినిమావాళ్లు క్లైమాక్సు ఫైటింగులు తీసుకున్నారు. ఇప్పుడా నేల మీద ఆకాశహర్మ్యాలు లేచాయి. అరగంటలో ముద్ద మింగిన చోట పన్నెండు కుర్చీల భోజనాల బల్ల!

"మరేం చెయ్యమంటావమ్మా? మూతపడ్డ మిల్లుని ఎలుకలకి వదిలెయ్యమంటావా?" అని మీరు అడగొచ్చు. సబబైన ప్రశ్నే. నగరంలో నేల బంగారం. ఇళ్లు కట్టాల్సిందే. కానీ ఎవరికి కట్టాలన్న ప్రశ్న కూడా అంతే సబబైనది కదా!

అదే పులియంతోపులో, కేపీ పార్కులో, పేదవాళ్లకని ప్రభుత్వం వారు కూడా అంతస్తుల మీద అంతస్తులు లేపారు. 2021 ఆగస్టులో ఆ గోడల్ని చేత్తో తాకితే సిమెంటు పూత ఇసుకలా రాలిపోవడం దేశమంతా టీవీల్లో చూసింది. అదీ వాళ్ల వంతుకొచ్చిన 'మార్పు'. ఇంకా చాలామందికి ఆ భాగ్యమూ లేదు. 2015 వరదల తర్వాత నదుల ఒడ్డు గుడిసెల వాళ్లని పాతిక కిలోమీటర్ల దూరాన పెరుంబాక్కానికి తరలించారు. మిల్లు స్థలంలో డ్యూప్లెక్సు కట్టినాయనే వీళ్లని గెంటేశాడని నేననను. అంత సులువైతే ఆయన్ని నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఊరి పోకడే అలా ఉంది. ఉన్నవాడు నడిమధ్యకి, లేనివాడు పొలిమేరకి. లండనులో ఈ తంతుని చూసి రూత్ గ్లాస్ అనే ఆవిడ 1964లోనే దీనికి 'జెంట్రిఫికేషన్' అని పేరు పెట్టింది. మనవాళ్లు మాత్రం ఇంకా 'అభివృద్ధి' అనే అంటున్నారు.

ఇక్కడే నా అసలు ప్రశ్న. రెండంతస్తుల ఇల్లు తనంతట తను నడవదు. కింద వంట, పైన పక్కలు. కింద అంట్లు, పైన బట్టలు. పొద్దుటి కాఫీ మొదలు రాత్రి మంచినీళ్ల చెంబు దాకా ఆ మెట్లెక్కి దిగేది ఎవరో ఆడవాళ్లని అడగండి, చెబుతారు. మోకాళ్లు అరిగాక ఒక పనిమనిషి కావాలి, ఒక వంటమనిషి కావాలి. డ్రైవరు, వాచ్‌మను సరేసరి. వీళ్లంతా ఎక్కణ్ణించి రావాలి? పక్కవీధిలో ఉంటే పది నిమిషాల్లో వచ్చేవాళ్లు. ఆ పక్కవీధి లేకుండా పోతేనే గదా 'ఏరియా బాగుపడింది' అని మీరు చదరపు అడుక్కి ఇంత ఎక్కువ పోసింది! ఇప్పుడామె పెరుంబాక్కం నించి తెల్లారకముందే లేచి, బస్సు మారి రావాలి. ఆలస్యమైతే సణుగుతాం. వచ్చాక మన లిఫ్టు ఎక్కనివ్వం. ఆమెకి వేరే లిఫ్టు. మనుషుల్ని దూరంగా తోసి, వాళ్ల చేతుల్ని మాత్రం దగ్గరగా ఉంచుకోవాలంటే ఎలా కుదురుతుందండీ?

దారి లేకపోలేదు. బొంబాయిలో 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పని మానేశారు. వాళ్లలో మన తెలుగు పద్మశాలీలూ ఉన్నారు. సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే చితికిపోతే, 1991లో ఒక నియమం రాశారు. మిల్లు నేలని తిరగ్గడితే మూడో వంతు ఊరికి పార్కుల కోసం, మూడో వంతు సామాన్యుల ఇళ్లకి, మిగిలిందే యజమానికి. ఎంత ధర్మంగా ఉందో చూడండి! 2001లో దాన్ని సవరించి, షెడ్లు లేని ఖాళీ జాగాకి మాత్రమే ఆ లెక్క అన్నారు. ఇంకేముంది, పెద్ద ముక్క యజమానికి మిగిలింది. 2012లో కార్మికులకి లాటరీ తీస్తే ఏడు వేల లోపు ఇళ్లు పంచారు. అర్జీ పెట్టుకున్నవాళ్లు లక్ష పైచిలుకు. అయినా అసలు లేనిదానికంటే అది నయం. హక్కుందని ఒప్పుకోవడమే ఒక మెట్టు.

మద్రాసు గొడవ మనకెందుకంటారా? నెల్లూరూ పెరుగుతున్న ఊరే. బియ్యం మిల్లులతో బతికిన ఊరు. ఊరు పెరిగేకొద్దీ మిల్లు ఆవరణకి వడ్లకంటే ఇటుకలు లాభమనిపించే రోజు వస్తుంది. ఆనాడు బస్తాలు మోసిన హమాలీలు, ధాన్యం చెరిగిన ఆడకూలీలు ఎక్కడుంటారో ముందే రాసిపెట్టుకోకపోతే, తర్వాత అడిగే నాథుడుండడు. మూడోవంతు నియమం మనకీ కావాలి, సవరణల సొరంగం లేకుండా.

ఇక కొనబోయే అక్కయ్యలకి, వదినగార్లకి ఒక్క మాట. బిల్డరుగారు మెట్ల పాలరాయి ఏ దేశపుదో వర్ణిస్తున్నప్పుడు అడ్డుపడి అడగండి: "ఈ మెట్లు తుడిచే మనిషి ఇల్లు ఇక్కణ్ణించి ఎంతదూరం?" ఆయన దగ్గర జవాబుండదు. ఉండదని మనకీ తెలుసు. కానీ పదిమంది కొనుగోలుదార్లు అదే ప్రశ్న అడిగితే, పదకొండోవాడు వచ్చేసరికి జవాబు తయారుచేసుకోక చస్తాడా?