ఆపత్కాలానికి సొంత ఉపగ్రహం

పుదుచ్చేరి పట్టణంలోని సారం నుంచి యానాం వెళ్లాలంటే 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. మధ్యలో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ తీరాలు దాటాలి. అయినా రెండు ఊళ్లకూ ఒకే శాసనసభ, ఒకే సచివాలయం. కారైకాల్ తమిళనాడు నడుమ ఉంటే, మాహే కేరళ ఒడ్డున ఉంది. ఇలా నాలుగు ముక్కలుగా విడిపోయి ఉన్న కేంద్రపాలిత ప్రాంతంలో పాలన సాగేది ఫోను, ఇంటర్నెట్ల మీదే. గోదావరి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్లలో ఇమిడిన యానాంకు నేల మీద వచ్చే ప్రతి కేబులూ ఆంధ్రప్రదేశ్ గుండానే రావాలి. అది తెగిన రోజు అక్కడి తెలుగువారికి సొంత రాజధానితో మాట కూడా తెగుతుంది.

తెగే రోజులు ఈ తీరానికి కొత్త కాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమను, యానాంను అల్లకల్లోలం చేసి వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడినప్పుడు విశాఖ వంటి మహానగరంలోనే సెల్‌ఫోన్లు మూగబోయాయి. 2024 నవంబరు 30న ఫెంగల్ పుదుచ్చేరి మీదికి వచ్చి, ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన కుమ్మరించింది. నీటిలో చిక్కుకున్నవారిని బయటికి తేవడానికి సైన్యం దిగాల్సి వచ్చింది.

సంబంధాలు తెగడానికి తుపానులో సెల్ టవర్ కూలిపోనక్కర్లేదు. కరెంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది. ఆ తర్వాత జనరేటరుకు డీజిల్ కావాలి, డీజిల్ లారీకి రోడ్డు కావాలి. ఈలోగా చెట్టు పడి ఫైబర్ తెగితే నిలబడి ఉన్న టవరు కూడా ఎందుకూ కొరగాదు. అలాంటి వేళ కలెక్టరేటుకు, ఆసుపత్రికి, పోలీసు స్టేషనుకు మిగిలేది ఆకాశమార్గం ఒక్కటే. ఆ మార్గం ప్రభుత్వం చేతిలో ఉండాలి.

పరాయి ఉపగ్రహం మీద ఆధారపడితే ఏమవుతుందో తెలుగు పల్లెలకు యాభై ఏళ్ల క్రితమే తెలుసు. 1975 ఆగస్టు 1న మొదలైన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా టీవీ వచ్చింది. ఇనుప జల్లెడతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నాలు నిలబెట్టి వ్యవసాయం, ఆరోగ్యం, చదువు గురించిన కార్యక్రమాలను తెలుగులోనూ చూపించారు. ఏడాది గడువు తీరింది. 1976 జులై 31 తర్వాత ఉపగ్రహాన్ని అమెరికా వెనక్కి తీసుకుంది. చాలా పల్లెల్లో తెరలు చీకటయ్యాయి. 1983లో ఇన్‌శాట్-1బి వచ్చేదాకా దేశానికి ఆ లోటు తీరలేదు.

నేడు అదే ప్రశ్న మరింత పెద్దదై ఎదుట నిలిచింది. అమెరికా ఉపగ్రహ ఇంటర్నెట్ సంస్థ స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్సు ఇచ్చింది. వినియోగదారులకు మరో దారి దొరకడం మంచిదే. అయితే 2025 జులై 24న సాఫ్ట్‌వేర్ లోపంతో ఆ నెట్‌వర్కు ప్రపంచమంతటా సుమారు రెండున్నర గంటలు ఆగిపోతే, ఉక్రెయిన్ యుద్ధరంగంలో సైనికులకు సంబంధాలు తెగిపోయాయి. ఒక ప్రైవేటు కంపెనీ గదిలో జరిగిన పొరపాటు ఒక దేశపు రక్షణను తాకింది. ఐరోపా సమాఖ్య ఈ ముప్పును ముందే గుర్తించి, 2024 డిసెంబరులో ఐరిస్-స్క్వేర్ ఒప్పందం కుదుర్చుకుంది. సుమారు 290 ఉపగ్రహాలు, 1,060 కోట్ల యూరోల ఖర్చు. ప్రభుత్వ రహస్య సమాచారానికీ, మారుమూల బ్రాడ్‌బ్యాండ్‌కూ అదే వ్యవస్థ.

భారత్ చేతులు కట్టుకు కూర్చోలేదు. నౌకాదళానికి 2013లో జీశాట్-7, వాయుసేనకు 2018లో జీశాట్-7ఏ అందాయి. 2025 నవంబరు 2న శ్రీహరికోట నుంచి 4,410 కిలోల సైనిక సమాచార ఉపగ్రహం సీఎంఎస్-03 నింగికెగిసింది. సైన్యం విషయంలో చూపిన ఈ పట్టుదల పౌర అవసరాల దగ్గర సడలుతోంది. 2024 నవంబరులో ప్రయోగించిన జీశాట్-ఎన్2కు సెకనుకు 48 గిగాబిట్ల సామర్థ్యం ఉన్నా, అందులో అధికభాగం సర్వీసు కంపెనీలకు ముందే ఖరారైంది. పైగా 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం ద్వారా అడిగిన మాటకు బదులు రావడానికి అర సెకను ఆలస్యం తప్పదు. ఆ జాప్యం తగ్గించే దిగువ కక్ష్య ఉపగ్రహ దండు భారత ప్రభుత్వానికి లేదు. వన్‌వెబ్ కంపెనీ కోసం 2022, 2023లలో 72 ఉపగ్రహాలను ఇదే శ్రీహరికోట నుంచి పైకి చేర్చిన ఇస్రోకు ఆ పని అసాధ్యమేమీ కాదు.

ప్రభుత్వ నెట్‌వర్కు సామాన్యుడి చేతికి అందితే ఎలా ఉంటుందో చూడాలంటే చేపల రేవుకు వెళ్లాలి. లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు అమర్చే 364 కోట్ల రూపాయల పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది. పడవ మీద బిగించే ఆ చిన్న పెట్టె మత్స్యకారుడి సెల్‌ఫోనుకు జతపడుతుంది. టవర్ సిగ్నల్ అందని నడిసంద్రంలోకి తుపాను హెచ్చరికను మోసుకొస్తుంది. ఆపదలో మీట నొక్కితే కబురు ఒడ్డుకు చేరుతుంది. ఈ ఏర్పాటు నడిచేది ఇస్రో సాంకేతికతతోనే.

ఫైబర్ ఉండగా ఉపగ్రహం దండుగ అనేవారున్నారు. రోజువారీ పనికి ఫైబరే మేలు, చవక కూడా. అందుకే 2020లో చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రగర్భ కేబుల్ వేశారు. కానీ నేల మీది దారులన్నీ ఒకేసారి దెబ్బతినే రోజు కోసమే రెండో దారి. ప్రైవేటు కంపెనీలకే డబ్బు కట్టి ఆ దారి కొనుక్కోవచ్చనే వాదనా ఉంది. ఆపద వేళ ఎవరికి ముందు సిగ్నల్ ఇవ్వాలో నిర్ణయించే హక్కు మాత్రం కొనుగోలు రసీదుతో రాదు.

కాబట్టి కేంద్రం మూడు పనులు చేయాలి. దిగువ కక్ష్యలో ప్రభుత్వ యాజమాన్యంలోని ఉపగ్రహ దండుకు నిధులు, గడువు ప్రకటించాలి. ఇకపై ఎగిరే ప్రతి పౌర సమాచార ఉపగ్రహంలో కొంత సామర్థ్యాన్ని విపత్తు సేవలకు, ఆసుపత్రులకు, బడులకు చట్టబద్ధంగా కేటాయించాలి. ప్రైవేటు కంపెనీల లైసెన్సుల్లో విపత్తు వేళ ఉచిత సేవను తప్పనిసరి షరతుగా చేర్చాలి.

పుదుచ్చేరి ప్రభుత్వం ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. యానాం పరిపాలనాధికారి కార్యాలయంలో, అక్కడి 90 పడకల జిప్‌మర్ కేంద్రంలో, కారైకాల్, మాహేల్లో ఉపగ్రహ టెర్మినళ్లు, వాటికి సోలార్ బ్యాటరీలు ఉండాలి. ఏటా అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలకు ముందు ఒక రోజు ఫైబర్ ఆపేసి, వాటి మీదే పాలన నడిపి చూడాలి. ఆ పరీక్షలో బయటపడే లోపాలను శాసనసభ ముందు పెట్టాలి. వచ్చే బడ్జెట్‌లోనే ఇందుకు పద్దు కనిపించాలి.