మద్దతు లేఖ ఊరికే ఇచ్చేయొద్దు



మూతపడిన ఫ్యాక్టరీ స్థలంలో షాపింగ్ కాంప్లెక్స్ కడతారట, అనుమతి త్వరగా రావడానికి మన లెటర్‌హెడ్ మీద మద్దతు లేఖ ఇద్దామట. బదులుగా వాళ్ళు ఉగాది సభకు పందిరి, భోజనాల ఖర్చు పెట్టుకుంటారట. గ్రూపులో ఈ మాట పడగానే అందరూ వరసగా దండం బొమ్మలు పెట్టేశారు. నేను పెట్టలేదు.

కాంప్లెక్స్ వద్దని నేననడం లేదు. ఆ గోడ వెనక ఇప్పుడు ముళ్ళకంపలు తప్ప ఏమున్నాయి? మన పిల్లలకు పని దొరికితే సంతోషమే. కానీ అనుమతి కావలసింది వాళ్ళకు, మనకు కాదు. ప్లాన్ మనలో ఒక్కరైనా చూశారా? రైల్వేలో ఇన్నేళ్ళు గుమాస్తాగా చేశాను, సరుకు చూడకుండా రసీదు మీద సంతకం పెట్టినవాడు బాగుపడగా చూడలేదు.

రూలు ఏముందో వినండి. మాస్టర్ ప్లాన్‌లో పరిశ్రమ అని ఉన్న స్థలాన్ని వేరే వాడకానికి మార్చాలంటే పేపర్లో ప్రకటన వేసి జనం అభ్యంతరాలు అడగాలి. తమిళనాడు 2019 కట్టడాల రూల్స్ ప్రకారం స్థలం 10,000 చదరపు మీటర్లు దాటితే, అంటే సుమారు రెండున్నర ఎకరాలు దాటితే, పదో వంతు ఖాళీ జాగా జనం కోసం గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. డబ్బు కట్టి తప్పించుకునే వీలు లేదు. దానం కాదండీ, అది మన హక్కు. ఆ జాగాను ఎక్కడ చూపిస్తారు, మురుగు కాలవ పక్కన మూలకా, మన వీధి వైపుకా? అడగాల్సింది ఇదీ.

బొంబాయి సంగతి అక్కడి మన బంధువులను అడగండి. కరీంనగర్, నల్గొండల నుంచి వెళ్ళిన పద్మశాలీలు ఎంతమంది ఆ మిల్లుల్లో మగ్గాలు నడిపారు! 1982 సమ్మెతో వాళ్ళ బతుకులు తలకిందులయ్యాయి. మిల్లు స్థలం అభివృద్ధి చేస్తే మూడో వంతు పార్కులకు, మూడో వంతు పేదల ఇళ్ళకు, మిగిలింది యజమానికి అని 1991లో రూలు వచ్చింది. 2001లో దాన్ని మార్చి, కట్టడాలు లేని ఖాళీ నేలకే ఆ లెక్క అన్నారు. మిల్లులో ఖాళీ నేల ఎంతుంటుంది, అంతా షెడ్లే కదా! 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ మార్పు చెల్లుతుందంది. ఇప్పుడు ఆ పరేల్ నేల మీద మాల్స్, గాజు మేడలు చూడండి. రూలు పుస్తకంలో ఉంటే చాలదు, పట్టుకుని కూర్చునేవాళ్ళు ఉండాలి.

కార్యదర్శిగారూ, లేఖ ఇవ్వండి, వద్దనను. ముందు ప్లాన్ కాపీ తెప్పించండి. ఖాళీ జాగా మన వీధి వైపు ఉండాలి, లారీలు స్కూలు సందులోంచి రాకూడదు అని ఆ లేఖలోనే రాయండి. ఒప్పుకోకపోతే అదే లెటర్‌హెడ్ మీద అభ్యంతరం పంపుదాం.

ఇక పందిరి ఖర్చు. నా వంతు వెయ్యి రూపాయలు ఆదివారం మీటింగులో ఖజాంచిగారికి కట్టేస్తాను.