ఎవరి ఫ్లైవెయిట్?

మన జాతీయ మహిళల బాక్సింగ్‌లో ఫ్లైవెయిట్ (50–52 కిలోల తరగతి) చరిత్ర రాయబోతే తూకం దగ్గరే చిక్కు మొదలవుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఇచ్చినవి మూడే విభాగాలు: 51, 60, 75 కిలోలు. 46, 48 కిలోల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచిన మేరీ కోమ్ తప్పనిసరై 51కి ఎక్కి కాంస్యం తెచ్చింది. అదే 51లో 2019 డిసెంబరు ట్రయల్స్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ని 9-1తో ఓడించింది. ఆ తర్వాత నిఖత్ లెక్క చూడండి. 2021 హిసార్ జాతీయ టైటిల్ 52లో, 2022 భోపాల్‌ది 50లో. ఇస్తాంబుల్ ప్రపంచ స్వర్ణం 52లో, ఢిల్లీది 50లో, పారిస్ ఒలింపిక్స్ కూడా 50లోనే. 2025లో కొత్త సంఘం వరల్డ్ బాక్సింగ్ మళ్లీ 51 అంది! కిలో రెండు కిలోలకే ఇంత గోలా అనేవాళ్లు తూకం రోజు పొద్దున్నే వెళ్లి చూడాలి. బాక్సర్లు చెమట సూటు తొడుక్కుని స్కిప్పింగ్ చేస్తుంటారు; నాలుక పిడచకట్టినా నీళ్లు పుక్కిలించి ఉమ్మేయడమే, మింగడం లేదు. యాభై కిలోల ఒంట్లో కిలో అంటే నూటికి రెండు పాళ్లు. అన్నిటికంటే పై విభాగం వాళ్లకి ఆ బాధ తెలియదు, వాళ్లకి పై హద్దే లేదు. ఒకసారి పెట్టిన హద్దుని కనీసం రెండు ఒలింపిక్స్ దాకా కదపొద్దని మన బాక్సింగ్ సమాఖ్య గట్టిగా అడగాలి. రికార్డుల్లోనూ 50, 51, 52 విజేతలను ఒకే వరసలో చూపాలి.