మావయ్య నడుము ఎవరు కొలవాలి?

మా మావయ్యకి స్కిజోఫ్రీనియా. ఒలాంజపిన్ మొదలుపెట్టాక చెవిలో వినబడే గొంతులు తగ్గాయి, రాత్రిళ్లు నిద్రపోతున్నాడు. ఏడాదిలో పద్నాలుగు కిలోలు పెరిగాడు కూడా. ఇంటికి ఏ చుట్టం వచ్చినా ఒకటే మాట: "పనీపాటా లేకుండా తిని కూర్చుంటే పెరగడా మరి!" ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ మందు మెదడులో డోపమిన్ ఒక్కదాన్నే అడ్డుకుని ఊరుకోదు. హిస్టమిన్, సెరటోనిన్ రిసెప్టర్లని కూడా పట్టుకుంటుంది. దాంతో కడుపు నిండినా ఆకలి చావదు. అన్నం తిని లేచిన గంటకే మావయ్య బిస్కెట్ల డబ్బా వెతికేది అందుకే. షుగర్, ట్రైగ్లిజరైడ్లు కూడా పెరగొచ్చు. క్లోజపిన్, ఒలాంజపిన్‌లతో ఇదంతా ఎక్కువ, అరిపిప్రజోల్‌తో తక్కువ. (కోడింగ్‌లో ఒక ఫంక్షన్ తన పనితో పాటు బయట ఇంకో వేరియబుల్‌ని మార్చేస్తే దాన్నీ సైడ్ ఎఫెక్ట్ అనే అంటాం. అక్కడ మాత్రం పాపం ఆ వేరియబుల్‌ని ఎవరూ తిట్టరు.)

ఇదేం కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. అమెరికాలోని డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు కలిసి 2004లోనే చెప్పాయి: మందు మొదలుపెట్టేటప్పుడే బరువు, నడుము, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూడాలి. బరువు 4, 8, 12 వారాలకి మళ్లీ చూడాలి, రక్తపరీక్షలు 12 వారాలకి మళ్లీ చెయ్యాలి. మావయ్యని చూపించే చోట రెండేళ్లలో ఒక్కసారి కూడా టేపు బయటికి తియ్యలేదు. "గొడవ చెయ్యట్లేదుగా? బానే ఉన్నాడు" అని పాత చీటీయే తిరగరాసి పంపేవాళ్లు. గొడవ చెయ్యకపోతే చాలని మనమూ అనుకుంటాం, అసలు చిక్కు అక్కడే ఉంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు చాలా దేశాల్లో మిగతావాళ్లకంటే పదేళ్లకు పైగా ముందే చనిపోతున్నారు. అందులో ఎక్కువమందిని తీసుకుపోయేది గుండెజబ్బు లాంటి మామూలు రోగాలే.

అలాగని ఎవరూ మందు మానేయొద్దు, మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. మందు మార్చడమో, మెట్‌ఫార్మిన్ కలపడమో డాక్టరు ఆలోచించగలరు. కాకపోతే ముందు కొలతలు ఉండాలి కదా! మన దేశంలో మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలంటారు. మా అత్తయ్య ఇప్పుడు కుట్టుమిషన్ సొరుగులోని టేపుతో నెలకోసారి కొలిచి, గోడ క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే రాస్తోంది. పోయిన నెల 104. ఈసారి డాక్టరు దగ్గరికి ఆ క్యాలెండర్ కూడా పట్టుకెళ్తానంటోంది.